పరుపుల కారు

"ముందు ఆ పరుపు పైకి మడవండి సార్. నంబరు కనపడట్లేదు."

ముదస్సిర్ ఫోన్లోంచి తలెత్తాడు. సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు మీద పెట్రోలు బంకు అది. బంకు మూలన వేపచెట్టు కింద పొల్యూషన్ టెస్టు చేసే తెల్ల వ్యాను ఆగి ఉంది. లేత పసుపు చున్నీ వేసుకున్న అమ్మాయి ఒక చేత్తో ఫోను కెమెరా పట్టుకుని, రెండో చేత్తో అతని కారు వెనక వేలాడుతున్న పరుపు అంచుని చూపిస్తోంది.

అతను దిగి, కారు పైన తాళ్ళతో కట్టిన పరుపుని ఓ పక్క ఎత్తి పట్టుకున్నాడు. మే నెల ఎండకి చెమట కారి కళ్ళలో పడుతోంది. మిరప యార్డుకి వెళ్ళే లారీలు రోడ్డంతా ఘాటు చల్లుకుంటూ పోతున్నాయి.

"మేడం, కొంచెం అర్జెంటండి. పెళ్ళివారింటికి పరుపు చేర్చాలి. ఆ గొట్టం అదీ పెట్టకపోయినా పర్లేదు. ఫొటో తీసుకుని కాగితం ఇచ్చేయండి. పోయినసారి అలాగే ఇచ్చారు."

"పోయినసారి నేను లేను సార్."

"అయితే నా దురదృష్టం."

"బండి అదృష్టం. స్టార్ట్ చేయండి."

సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, వ్యానులో కంప్యూటర్ వైపు తిరిగి, ఇంజను కాసేపు అలాగే నడవనివ్వమంది. కారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి గొంతు సవరించుకున్నట్టు గట్టిగా ఊగి, నల్లటి పొగ ఒక్క గుక్కలో వదిలింది. గాలి అటే ఉంది. పసుపు చున్నీ మీద మసి చుక్కలు చుక్కలుగా పడింది.

ఆ అమ్మాయి చున్నీ వైపు చూసుకుంది. కంప్యూటర్ వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"ఫెయిల్" అంది.

ఒకటో తరగతి నుంచి ఎం.కాం. దాకా ఆ మాట ఎవరి నోటా వినని ముదస్సిర్‌కి చెవులు వేడెక్కాయి. మిషన్ సరిగ్గానే ఉందా అని అడిగాడు. ఉందంది. ఇంకోసారి చూడమన్నాడు. చూసింది. రెండోసారి అంకె ఇంకా పెరిగింది.

"మీ బండి తింటోంది గానీ ఊపిరి పీల్చుకోవట్లేదు సార్. పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, గాలి తక్కువ. మెకానిక్‌కి చూపించి తీసుకురండి."

అతను తలుపు గట్టిగా వేశాడు. ఆ ఊపుకి పైన పరుపు మళ్ళీ జారి నంబరు మీద పడింది. అద్దంలో చూస్తే ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, మసి గుర్తొచ్చి వెంటనే తీసేసుకుంటోంది. కోపంలో కూడా అతనికి ఆ దృశ్యం బాగుంది. బాగున్నందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆ కారుని ఊళ్ళో అందరూ పరుపుల కారు అంటారు. ముదస్సిర్ పలకా బలపం పట్టిన ఏడు కొన్నది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తేదీ మళ్ళీ వచ్చింది. వచ్చే సోమవారం వాళ్ళ నాన్న హయాత్ బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే అక్కడ బండి వైపు కూడా చూడరు.

హయాత్‌ది దూదేకుల ఇల్లు. ఆయన తండ్రి వానాకాలం ముందు భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. వీధి మొదట్లో నిలబడి విల్లు నారిని ఒకసారి మోగిస్తే, ఇళ్ళల్లోంచి గడ్డలు కట్టిన పరుపులు బయటికొచ్చేవి. హయాత్ షాపు పెట్టాడు. ఆ విల్లు ఇప్పుడు షాపు గోడకి ఉంది. పరుపులు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోయి, పక్క షాపులో ఫోమ్ బెడ్లు పెరిగాయి.

రెండేళ్ళ కిందట భార్య మెహర్ పోయాక హయాత్ ఇంట్లోంచి కదలడం మానేశాడు. ఒక్క ఆ కారు ఎక్కితేనే కదులుతాడు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పిన కారు. ఇప్పటికీ ఆ పక్క సీటు మీద ఏ దిండూ పెట్టనివ్వడు. పొద్దున్నే లేచి బానెట్ ఎత్తి నీళ్ళూ ఆయిలూ చూసి, అద్దం తుడిచి, ఓ పరుపు ఎవరికో ఇచ్చే వంకతో బయల్దేరతాడు. ఆ కారు ఆగితే నాన్న కూడా ఆగిపోతాడని ముదస్సిర్ భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెప్పలేనివన్నీ అతనికి కాళ్ళలోకి దిగుతాయి, ఒకచోట కుదురుగా నిలబడలేడు.

మెకానిక్ మార్కు చిన్నప్పటి స్నేహితుడు. కారు కింద నుంచే మాట్లాడతాడు.

"ఏరా, ఎవరా పిల్ల? మన బండినే ఫెయిల్ చేసిందా?"

"నీ పనితనాన్ని ఫెయిల్ చేసింది. నాకేం?"

మార్కు కిందనుంచి బయటికొచ్చాడు. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గులు మార్చాడు, ఆయిల్ మార్చాడు, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేశాడు. పెళ్ళికొడుకులా తయారైందన్నాడు. ఈసారి ఫెయిలయితే షెడ్డుకి తాళం వేసి చర్చిలో ఊడ్చుకుంటానన్నాడు.

మర్నాడు ముదస్సిర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బంకుకి వెళ్ళాడు. కారు కోసమే అని తనకి తాను చెప్పుకున్నాడు.

ఆ అమ్మాయి ఇవాళ నల్ల చున్నీలో ఉంది.

"చున్నీ పాడుచేసినందుకు సారీ అండి. ఇది బాగుంది."

"మీ బండి మళ్ళీ వస్తుందని తెలిసే నల్లది వేసుకున్నాను."

"ఈసారి అవసరం రాదు. మొత్తం చేయించాం."

గొట్టం పెట్టింది. కారు దగ్గింది. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. ఫెయిల్ అని ఈసారి మెల్లిగా చెప్పింది, పేషెంటు తాలూకు వాళ్ళకి చెప్పినట్టు.

పేరు అర్ఫా అని ఆరోజే తెలిసింది. పక్కన టీ బంకు నడిపే సుబ్బరావమ్మ పిలిస్తే తెలిసింది. ఆటోమొబైల్ డిప్లొమా చదివిందనీ, వాళ్ళమ్మ నసీమున్నీసా ఇంట్లో మిషను కుడుతుందనీ, మిగతా వివరాలన్నీ సుబ్బరావమ్మే అడక్కుండా పోసింది, టీతో పాటు.

ఆ తర్వాత ముదస్సిర్ బైకుకి పెట్రోలు ఊరికే అయిపోవడం మొదలైంది. ట్యాంకు నిండుగా ఉన్నా గాలి చూపించుకోవడానికి వచ్చేవాడు. వచ్చినవాడు రెండు టీలు చెప్పేవాడు. వ్యానులో అర్ఫా కూర్చునేది ఇనప స్టూలు. మధ్యాహ్నానికి అది పెనంలా కాలుతుందని, నడుం పట్టేస్తోందని అంది. ఏదైనా మెత్తటిది వేసుకోవచ్చుగా అన్నాడు. మెత్తగా కూర్చుంటే నిద్రొస్తుంది, నిద్రొస్తే మీలాంటివాళ్ళు ఫొటో తీయించుకుని కాగితం పట్టుకుపోతారు అంది.

ఓసారి మిరప బస్తాల లారీ బంకులోకే వచ్చి ఆగింది. ఆ ఘాటుకి ఇద్దరూ ఒకేసారి తుమ్మారు. ఇద్దరి గ్లాసుల్లోంచీ టీ ఒలికింది.

"జంట తుమ్ములు మంచివేలే" అంది సుబ్బరావమ్మ, పొయ్యి వైపు తిరిగి.

అర్ఫా కంప్యూటర్‌లోకి చూసింది. కంప్యూటర్ ఆపేసి ఉంది.

ఆ రాత్రంతా ఉక్కపోత. పడమటి నుంచి మబ్బులు వచ్చి, ఊరి మీద ఆగి, వాన పడకుండానే వెళ్ళిపోయాయి. ముదస్సిర్‌కి నిద్ర పట్టలేదు. కారు పాసవ్వాలని ఉంది. పాసైతే రేపటి నుంచి బంకుకి వెళ్ళడానికి ఏం కారణం చెప్పాలో తెలియట్లేదు. రెండు కోరికలూ ఒకే మంచం మీద అటొకటీ ఇటొకటీ దొర్లుతున్నట్టుంది.

మూడోసారి గురువారం నాడు తీసుకెళ్ళాడు. మార్కు కార్బ్యురేటర్ మళ్ళీ సరిచేసి, ఇంజను చప్పుడు విని, ఇంతకన్నా చేయడానికి నా దగ్గర ఏమీ లేదన్నాడు. గొట్టం పెట్టిన కాసేపటికే అర్ఫా ముఖం చూసి ముదస్సిర్‌కి సంగతి అర్థమైంది.

అప్పుడే సుబ్బరావమ్మ, చుట్టూ లారీల వాళ్ళు టీ తాగుతుండగా, గట్టిగా అంది. "బండి పాసైతే పిల్లోడు ఇక్కడికెందుకొస్తాడమ్మా? ఫెయిలవుతూ ఉంటేనేగా రాకపోకలు."

లారీల వాళ్ళు నవ్వారు. ముదస్సిర్ కూడా, ఏం చేయాలో తోచక, నవ్వాడు. అదే తప్పయింది.

అర్ఫా గొట్టం చుట్టి వ్యానులో పెట్టింది. దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"ముదస్సిర్ గారూ, నిజం చెప్పండి. బండి బాగు చేయిస్తున్నారా, చేయించకుండా తెస్తున్నారా?"

"చేయిస్తున్నానండి. ఒట్టు."

"ఆ మెకానిక్ చేశాడంటున్న పనికి ఈ పొగ రాదు. నేనూ అదే చదువుకున్నాను." కాస్త ఆగింది. "ఆడపిల్ల బంకులో కూర్చోవడమే ఈ ఊళ్ళో ఒక వార్త. అమ్మని ఒప్పించడానికి నాకు చాలాకాలం పట్టింది. మీ సరదాకి ఈ స్టూలు పోగొట్టుకోలేను. గుంటూరులో చేయించుకోండి. ఇక్కడికి రాకండి."

అతనికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. కారు తీసుకుని వచ్చేశాడు.

షెడ్డులో మార్కుని పక్కకి నెట్టి తనే బానెట్ ఎత్తాడు. తనకి తెలిసినవీ తెలియనివీ విప్పడం మొదలుపెట్టాడు. ఒరేయ్ ఆగరా, అది ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాన్ని మొన్ననే కొత్తది వేశాను అంటున్నాడు మార్కు. ముదస్సిర్ క్లిప్పులు లాగి మూత తీశాడు.

కొత్త ఫిల్టర్ ఉంది. దాని చుట్టూ చక్కగా కుట్టిన తెల్లటి పల్చని గుడ్డ గలీబు ఉంది. గలీబు నిండా దూది. బిందె కింద పెట్టే చుట్టకుదురులా గుండ్రంగా, బొద్దుగా ఉంది. కుట్టు సన్నగా, సమంగా, ఒక్కచోట కూడా వంకర లేకుండా నడిచింది. ఆ కుట్టు ఎవరిదో ముదస్సిర్‌కి చూడగానే తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ కుట్టు మీదే పడుకున్నాడు.

మార్కు నవ్వాడు. "మీ నాన్న ఇంజనుకి దిండు కుట్టాడురా. ఇంక ఇది ఊపిరెక్కడ పీలుస్తుంది? మొన్న పాత ఫిల్టర్‌కి చుట్టిన మసి గుడ్డేదో తీసిపారేశాను, ఇదేనని తెలీదు. నేను కొత్త ఫిల్టర్ వేయడం, పొద్దున్నే ఆయన దీన్ని తొడగడం." స్నేహితుడి ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమైందిరా? దొరికిందిగా. తీసిపారేద్దాం."

తీసిపారేయడం తేలికే. ముదస్సిర్ దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మకి దుమ్ము పడేది కాదు. ఇల్లు రోడ్డు మీదే. మిరప లారీ వెళ్ళినప్పుడల్లా దగ్గు తెరలుగా వచ్చేది. అప్పుడు నాన్న ఆమె మంచం పక్క కిటికీకి ఇలాంటి దూది తెరే కుట్టి కట్టాడు. ఓరోజు కారులో వెళ్తుంటే, పాపం బండికి కూడా ఘాటెక్కినట్టుంది, దగ్గుతోంది అని అమ్మ నవ్వింది. నాన్న బండికి కూడా ఓ గలీబు కుట్టాడన్నమాట. అదెప్పుడు కుట్టాడో కొడుక్కి తెలియదు.

ఇప్పుడు నాన్నా, నీ దూది బండికి ఊపిరాడనివ్వడంలేదు అని చెబితే, ఆయన బండి గురించి మాత్రమే ఆలోచించడు. కిటికీ గురించి ఆలోచిస్తాడు. ఆ ఆలోచన ఆయనలో ఎంతకాలం ఉండిపోతుందో ముదస్సిర్ ఊహించగలడు.

గలీబుని డిక్కీలో ఓ గోనె కింద దాచాడు. శుక్రవారం గుంటూరు వెళ్దామనుకుంటే మార్కుకి బండి బ్రేకుల పని మిగిలిపోయింది. శనివారం పొద్దున ముదస్సిర్ స్నానం చేసి వచ్చేసరికి హయాత్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, నెత్తిన టోపీ.

"నువ్వు ఇన్నిసార్లు తిరిగావు, పనికాలేదు. ఇవాళ నేనొస్తాను. పద."

ముదస్సిర్ గుంటూరు వెళ్దామన్నాడు. ఊళ్ళో బంకు ఉండగా అంత దూరం ఎందుకన్నాడు హయాత్. ఆ బంకులో రద్దీ అన్నాడు. పర్లేదు, ఆగుదాం అన్నాడు తండ్రి. చివరికి ముదస్సిర్, బండిలో ఓసారి ఎయిర్ ఫిల్టర్ చూసి వెళ్దాం అన్నాడు.

"పొద్దున్నే చూశానులే. ఎవరో గలీబు తీసి డిక్కీలో పడేశారు. గోనె మసంతా అంటింది. అందుకని కొత్తది కుట్టాను. బండికి పరీక్ష కదా, మేలు దూది పెట్టాను."

ముదస్సిర్ కారెక్కి తలుపు వేశాడు.

బంకులో అర్ఫా ఆ కారుని చూసింది. ముందు కోపంతో లేచింది, డ్రైవర్ సీట్లో పెద్దాయన్ని చూసి ఆగింది.

"నమస్తే అమ్మా. నువ్వేనా మా బండిని ఫెయిల్ చేసే పిల్లవి?" హయాత్ గొంతులో నిష్ఠూరం లేదు. "చేశావంటే కారణం ఉంటుంది. కానీ నేను దీన్ని ఎలా చూసుకుంటానో ఓసారి చూడు. తర్వాత నీ ఇష్టం."

ఆయన బానెట్ ఎత్తాడు. నూనె మరక లేని ఇంజను, తుడిచిన బ్యాటరీ. ఒక్కొక్కటీ చూపించాడు. చివరికి, దాచుకున్న మిఠాయి తీస్తున్నట్టు, గుండ్రటి డబ్బా క్లిప్పులు తీసి మూత ఎత్తాడు.

"ఇదిగో. ఇది ఏ కంపెనీలోనూ దొరకదు."

తెల్లటి గలీబు మెరుస్తోంది. అర్ఫా వంగి చూసింది. చూడగానే ఆమెకి మూడు ఫెయిళ్ళూ అర్థమయ్యాయి. నోరు తెరిచింది. తెరుస్తూ, ఎందుకో, ముదస్సిర్ వైపు చూసింది.

అతను కారుకి ఆ పక్క నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా, కనపడీ కనపడనట్టు, ఒక్కసారి ఊపాడు. కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి.

"నా భార్య మెహర్‌కి ఈ మిరప దుమ్ము పడేది కాదమ్మా" అంటున్నాడు హయాత్. "కిటికీకి తెర కుట్టాను. బండికి కూడా పడట్లేదంది. దీనికీ కుట్టాను. ఆమె పోయింది గానీ, బండికి కుట్టడం మానలేదు. ఇది నాకు అలవాటైపోయింది."

అర్ఫా నోరు మూసుకుంది. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. అది దాటేదాకా ముదస్సిర్ కాళ్ళు ఒకచోట నిలవలేదు.

అర్ఫా చెయ్యి చాపి ఆ దూదిని వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగి, తీయగానే దూది మళ్ళీ పైకి లేచింది.

"ఎంత మెత్తగా ఉంది మావయ్యగారూ" అంది.

ముదస్సిర్ ఆ పిలుపు దగ్గరే ఆగిపోయాడు. బాబాయ్ అనొచ్చు. పెద్దాయనగారూ అనొచ్చు. ఆ అమ్మాయికి ఎన్ని పిలుపులు ఉన్నాయి. తుమ్ములు లెక్కపెట్టే సుబ్బరావమ్మ కూడా టీ వడకట్టడం ఆపి ఇటు చూసింది.

"నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇనప స్టూలు మీద కూర్చుంటాను. నడుం పడిపోతోంది. అడగకూడదేమో గానీ, దీన్ని నాకు ఇస్తారా? స్టూలుకి సరిగ్గా సరిపోతుంది."

హయాత్ స్టూలు వైపు చూశాడు. గలీబు వైపు చూశాడు. పరుపులు కుట్టే మనిషిని, నాకు మెత్తగా కావాలి అని అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది.

"దానికేం తల్లీ. మనిషి కన్నా బండి ఎక్కువా?"

జాగ్రత్తగా తీసి, రెండు చేతులతో దులిపి, వ్యాను మెట్టెక్కి స్టూలు మీద తనే పరిచాడు. అర్ఫా కూర్చుని చూసింది. కళ్ళు మూసుకుంది. ఇంక నిద్రపోతానేమో అంది. ముదస్సిర్ వైపు చూసి అంది ఆ మాట. చూపులో రెండు రోజుల కిందటి మాటకి క్షమాపణ ఉంది, కాస్త అల్లరి కూడా ఉంది.

"కాగితం ఫిల్టర్ ఎలాగూ లోపల ఉంది మావయ్యగారూ. మూత పెట్టేయండి. ఇప్పుడు టెస్టు చేస్తాను."

గొట్టం పెట్టింది. హయాత్ స్టార్ట్ చేశాడు. కారు దగ్గలేదు. ఓ నిట్టూర్పు విడిచి, నిదానంగా, నిద్రపోతున్న పిల్లిలా గురుగురులాడుతూ నడిచింది. కంప్యూటర్లో అంకె ఎక్కి, తడబడి, గీత కిందనే ఆగింది.

"పాస్" అంది అర్ఫా.

టీ బంకు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ ప్రింటవుతుండగా మొదటి చినుకు వ్యాను రేకు మీద పడింది. ఇన్ని రోజులు ఊరిని ఊరిస్తూ తిరిగిన మబ్బు, పెద్ద పెద్ద చినుకులతో మొదలైంది. రోడ్డు మీద మిరప ఘాటు తడిసి నేలకి దిగింది.

కాగితం అందించి, "ఆరు నెలలకి మళ్ళీ రావాలి సార్" అంది.

ముదస్సిర్ థాంక్స్ అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. మిగతావన్నీ గొంతులో ట్రాఫిక్ జామయ్యాయి.

కారు రోడ్డెక్కింది. వైపర్లు కిర్రు కిర్రుమంటున్నాయి. హయాత్ రెండు మలుపులు దాటించాడు. తర్వాత, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"దూది తీయగానే పాసైంది."

ముదస్సిర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"డిక్కీలో పడేసింది నువ్వేగా? నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఊరికే నాన్నా."

"కిటికీ గుర్తొస్తుందనా?"

వాన పెద్దదైంది. హయాత్ కారుని రోడ్డు పక్కన ఆపాడు.

"కిటికీకి ముందు ఒత్తుగానే కుట్టాను. మీ అమ్మ మర్నాడే తీయించింది. నాకు గాలి కావాలి, వీధి కనపడాలి, పల్చగా కుట్టు అంది. వల తీరుగా కుట్టాను. అందులోంచి చల్లగాలి వస్తుంటే, బాగుందయ్యా అనేది. పోయేరోజు పొద్దున కూడా అంది." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "బండి నోరు తెరిచి చెప్పలేదుగా. అందుకే ఒత్తుగా ఉండిపోయింది. నువ్వు నా కోసం ఇన్నిసార్లు ఫెయిలయ్యావురా?"

"రెండుసార్లు నాకు తెలియక ఫెయిలయ్యాను. మూడోసారి కూడా తెలియదు." ముదస్సిర్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తెలిశాక వెళ్ళలేకపోయాను. ఆ అమ్మాయి రావద్దంది."

"ఎందుకు?"

చెప్పాడు. తుమ్ములు, టీలు, సుబ్బరావమ్మ మాట, అన్నీ చెప్పాడు. హయాత్ శ్రద్ధగా విన్నాడు. విని అద్దంలో వెనక రోడ్డు చూశాడు.

"ఆ పిల్లకి చూడగానే తెలిసింది. చెప్పేస్తే తన తప్పేం లేదని తేలిపోయేది. అయినా నా ముఖం చూసి చెప్పలేదు." ఇంజను స్టార్ట్ చేశాడు. "ఆ పిల్లని మళ్ళీ చూడ్డానికి ఆరు నెలలు ఆగుతావా?"

"ఆగలేను నాన్నా."

హయాత్ కారుని వెనక్కి తిప్పాడు.

బంకులో వాన శబ్దం తప్ప ఏమీ లేదు. వ్యాను తలుపు దగ్గర, కొత్త మెత్త మీద, అర్ఫా ఒళ్ళో చేతులు పెట్టుకుని వాన చూస్తోంది. కారు రావడం చూసి లేచి నిలబడింది.

"ఏం మరిచిపోయారు?"

ముదస్సిర్ తడుస్తూ నిలబడ్డాడు. ఇవాళ కాళ్ళు అటూ ఇటూ కదలట్లేదని అతనికే ఆశ్చర్యంగా ఉంది.

"ఏమీ మరిచిపోలేదండి. బండి బాగానే ఉంది. టెస్టు ఏమీ లేదు. మిమ్మల్ని చూడ్డానికే వచ్చాను. ఆరోజు మీరన్నది అబద్ధం, ఇవాళ నిజం."

అర్ఫా నల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"నిజం చెప్పి వస్తే ఫెయిల్ చేయను" అంది చివరికి, చినుకులకి చెబుతున్నట్టు.

కారులోంచి హయాత్ తల బయటపెట్టాడు. వాన చప్పుడుకి కాస్త గొంతు పెంచాడు, ఒకప్పుడు వాళ్ళ నాన్న వీధి మొదట్లో నిలబడి విల్లు మోగించినట్టు.

"అమ్మా, మీ ఇంట్లో పరుపు ఏకించి ఎన్నాళ్ళయింది?"

అర్ఫాకి ఒక క్షణం అర్థంకాలేదు. తర్వాత అర్థమైంది. బుగ్గల్లోకి రంగు వచ్చింది.

"చాలా ఏళ్ళయింది మావయ్యగారూ. గడ్డలు కట్టిందని అమ్మ రోజూ అంటుంది."

"వానలు ముదరకముందే చూడాలి. ఎప్పుడు రమ్మంటావు? విల్లు మోయడానికి మావాణ్ణి కూడా తెస్తాను."

ఆమె ముదస్సిర్ వైపు చూడలేదు. చూడకుండానే నవ్వింది.

"రేపు ఆదివారం. అమ్మ ఇంట్లోనే ఉంటుంది."

టీ బంకులో సుబ్బరావమ్మ ఒక్కసారి తుమ్మింది. వెంటనే, అందరూ తన వైపు చూసేలోపు, ప్రయత్నించి ఇంకోటి తుమ్మింది.

కారు బయల్దేరింది. అర్ఫా అలవాటు కొద్దీ సైలెన్సర్ వైపు చూసింది. అక్కడ పొగ లేదు. తడిసిన రోడ్డూ, వానా కనపడుతున్నాయి.